కూడికలో మాట తేడా వస్తే: స్త్రీల చర్చ నడిపేవాళ్లకు

పదిహేను మంది ఆడవాళ్లు కూచొని ‘ఆడబిడ్డకు భూమిల వాటా ఇయ్యాల్నా, వద్దా’ అని మాట మొదలుపెడితే పావుగంటకు రెండు గొంతులే మిగులుతాయి. ఒకామె ఇయ్యాల్సిందే అంటుంది. ఇంకొకామె, వాటా అడిగితే పుట్టింటి దర్వాజ మూసుకున్నట్టే అంటుంది. తక్కిన పదమూడు మంది కొంగు సర్దుకుంటూ, గోడ గడియారం చూసుకుంటూ ఉంటారు. హనుమకొండ కాలనీలో కమ్యూనిటీ హాలైనా, నర్సంపేట దిక్కు ఊళ్లో గ్రామ సంఘం ఆఫీసైనా ఇదే తీరు. చర్చ నడిపే మనిషి కన్ను ఆ పదమూడు మంది మీద ఉండాలి. వచ్చే నెల వాళ్లలో ఎంతమంది మళ్లీ వచ్చి కూచున్నారో లెక్కపెడితే ఈ నెల చర్చ ఎట్ల నడిచిందో తెలిసిపోతుంది.

స్త్రీల హక్కుల ముచ్చట తీసినచోట మాట తేడా రాక మానదు. రాలేదంటే ఎవరో నోరు నొక్కుకొని కూచున్నారని అనుమానించాలి. ఇక్కడ వాటా గురించి మాట్లాడినామె రాఖీ పండుగకు అదే అన్న ఇంటికి పోవాలి, కొట్టుడు గురించి మాట్లాడినామె రాత్రికి అదే ఇంట్లో పడుకోవాలి. అందుకే ఒక్కో మాట వెనక అంత వేడి ఉంటుంది. ఆ వేడిని చల్లార్చాలని చూడకండి. అది ఎవరి ఒంటి మీదా పడకుండా చూడటమే మీ పని.

ముందు రోజుల్లో చేసుకోవాల్సినవి

పన్నెండు నుంచి పద్దెనిమిది మంది ఉంటే బాగుంటుంది. పదికి తక్కువైతే ఒకే వాడవాళ్లు అవుతారు. ఇరవై దాటితే మనిషికి రెండు నిమిషాలిచ్చినా ఒక చుట్టు తిరిగేసరికి నలభై నిమిషాలు పోతాయి. పొదుపు సంఘంలో ఎట్లాగూ పది పదిహేను మంది ఉంటారు కదా, నెల మీటింగులోనే చర్చ కూడా పెట్టుకుందామని చాలామంది అనుకుంటారు. అట్ల చెయ్యవద్దని గట్టిగా చెప్తాం. కిస్తీ కట్టే రోజున, అప్పు రావాల్సినామె లీడరు మాటకు ఎదురు చెప్పదు, బాకీ పడ్డామె అసలే నోరు విప్పదు. మనుషులు వాళ్లే అయినా రోజు వేరే పెట్టాలి, నడిపే మనిషి వేరే ఉండాలి.

వేళ ఊరి పనిని బట్టి. పత్తి ఏరే రోజుల్లో, ఆ తర్వాత మిర్చి ఏరే రోజుల్లో పగటిపూట ఎవరూ రాలేరు. రాత్రి ఏడున్నరకు మొదలుపెట్టి తొమ్మిదికి ముగించాలి. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ దిక్కు బీడీలు చేసే వాడల్లోనైతే చాట, తునికాకు పట్టుకొనే వచ్చి కూచోనివ్వాలి. వెయ్యి బీడీల లెక్కన కూలి వచ్చే మనిషిని గంటన్నర చేతులు కట్టుకొని కూచొమ్మనడం ఆమె కూలి కోసినట్టే. పట్నంలో ఆదివారం పొద్దున పదకొండు నుంచి పన్నెండున్నర వరకు కుదురుతుంది. దూరపు ఊళ్ల నుంచి వచ్చేవాళ్లుంటే చివరి బస్సు ఎప్పుడో కనుక్కొని దానికి అరగంట ముందే ముగించండి. సగంలో లేచిపోయినామె తన మాటకు వచ్చిన జవాబు వినకుండా పోతుంది. ఆ జవాబు మరునాడు ఇంకొకరి నోటి నుంచి, వంకర తిరిగి ఆమె ఇంటికి చేరుతుంది. కూడికల్లో పుట్టే పగల్లో చాలావరకు ఇట్ల పుట్టినవే.

జంపఖానా పరిచి అందరినీ గుండ్రంగా కూచోబెట్టాలి. ఉన్న నాలుగు కుర్చీలు మోకాళ్ల నొప్పులున్నవాళ్లకే, ఏ వాడ నుంచి వచ్చినా సరే. రెండో వరుస పెట్టనే కూడదు. రెండో వరుస ఉంటే అందులో ఎవరు కూచుంటారో మన ఊళ్లల్లో చెప్పక్కర్లేదు. మాలవాడ, మాదిగవాడల నుంచి వచ్చినవాళ్లు గోడకు ఆనుకొని, దర్వాజకు దగ్గరగా సర్దుకుంటారు. జాగ చాలకపోతే గుండ్రం పెద్దది చెయ్యండి, అప్పటికీ చాలకపోతే వాకిట్లో కూచోండి. చాయ అందరికీ ఒకే రకం గ్లాసుల్లో, ఒకే పళ్లెంలోంచి అందాలి. ఇది చిన్న విషయమనిపించేవాళ్లు నడిపే పని ఇంకొకరికి అప్పజెప్పడం మంచిది.

పని ముగ్గురిది. ఒకరు నడుపుతారు, ఒకరు రాస్తారు. మూడో మనిషి తలుపు దగ్గర కూచుంటుంది. ఆలస్యంగా వచ్చినవాళ్లకు నియమాలు చెవిలో చెప్పడం, ఏడుపాగక బయటికి పోయినామె వెంట పోవడం ఆమె పని. ఈ మూడో మనిషి లేనిచోట నడిపే మనిషే లేచి వెనక పోతుంది, ఆ అయిదు నిమిషాల్లో లోపల చర్చ పంచాది అవుతుంది.

ఇక ప్రశ్న. ‘ఫ్రీ బస్సు మంచిదా, చెడ్డదా’ అని అడిగితే గది రెండు పార్టీలుగా చీలుతుంది, మాట బస్సు దిగి ప్రభుత్వం మీదికి పోతుంది. ఇట్ల అడిగి చూడండి: ‘2023 డిసెంబర్ 9 నుంచి ఆర్టీసీల మనకు టికెట్ పైసల్లేవు. అప్పటిసంది, ఇంతకుముందు పోని ఏ జాగకు పోయిన్రు?’ ఒకామె ఎంజీఎం దవాఖానకు అంటుంది. ఒకామె తల్లిగారింటికి అంటుంది. ఒకామె ‘నేనేడికి పోలే, ఎవలు పంపుతరు’ అంటుంది. ఆ మూడో జవాబు దగ్గర అందరి తలలూ అటు తిరుగుతాయి. మంచి ప్రశ్నకు గుర్తు అదే: దానికి అవును, కాదు అని జవాబు చెప్పలేరు, చెప్పాలంటే తన ఇంటి సంగతి తలచుకోవాలి.

నియమాలు నోటితో చెప్పాలి

గోడ మీద అంటించిన కాగితం చదువు రానామెకు లేనట్టే. అయిదు నియమాలు పెట్టుకోండి, ప్రతిసారీ పైకి చెప్పించండి. నిమిషం కూడా పట్టదు. ప్రతి నెలా వేరే సభ్యురాలితో చెప్పించాలి. తన నోటితో చెప్పినామె ఆ నియమం దాటే ముందు ఒకసారి ఆగుతుంది. పైగా అది నడిపే మనిషి హుకుంలాగ కాకుండా అందరి ఒప్పందంలాగ నిలబడుతుంది.

మా అనుభవంలో పనికొచ్చినవి ఇవి. ‘నేను’, ‘నాకు’ అని మొదలుపెట్టి మాట్లాడాలి. ‘మీ అసుంటోళ్లు’, ‘మీ కులపోళ్లు’, ‘ఇప్పటి పోరిలు’ అనే మాటలు రావద్దు. ఎదుటామె మాట తప్పని చెప్పొచ్చు, ఆమె బతుకు తప్పని చెప్పొద్దు. ఇక్కడ లేనివాళ్ల పేరెత్తొద్దు. ఫోన్లు సంచిలో ఉండాలి. ఫోటో, వీడియో, స్టేటస్ ఏదీ వద్దు. ఇక్కడ విన్న కథ ఇక్కడే ఉండాలి, నేర్చుకున్న సంగతి మాత్రం ఎక్కడికైనా తీసుకపోవచ్చు.

వీటిలో ఎక్కువసార్లు తెగేది, ఎదుటామె బతుకు తప్పని చెప్పొద్దన్నది. దాన్ని పట్టుకోవడానికి ఒక కొలత ఉంది. అన్న మాటలోంచి ‘నువ్వు’ తీసేస్తే ఇంకా ఏమన్నా మిగులుతుందా చూడండి. ‘విడాకులు తీసుకునుడు పిల్లలకు కష్టమైతది’ అన్నదాంట్లో ఒక వాదన ఉంది, దానికి జవాబు చెప్పొచ్చు. ‘మొగుణ్ని ఇడిసిపెట్టి వచ్చినదానివి నువ్వు మాకు చెప్తవా’ అన్నదాంట్లో ‘నువ్వు’ తీస్తే ఏమీ లేదు. మొదటిది మనకెంత నచ్చకపోయినా ఉండనివ్వాలి. రెండోది అక్కడికక్కడే ఆపాలి.

మొదటి చుట్టులో ఎవరి మాటకూ ఎవరూ జవాబు చెప్పొద్దు. ఒక రుమాలు చేతులు మారుతుంటుంది, అది చేతిలో ఉన్నామెదే మాట, రెండు నిమిషాలు. మాట్లాడబుద్ధి కాకపోతే రుమాలు పక్కకు ఇచ్చెయ్యొచ్చు, ఎందుకని అడగొద్దు. జవాబుకు తొందరపడితే మొదట మాట్లాడిన ఇద్దరి వాదనే ఆ రోజు చర్చ అవుతుంది, తక్కినవాళ్లు ఏదో ఒక పక్క చేరాల్సి వస్తుంది. చుట్టు తిరిగితే అయిదారు రకాల మాటలు బయటపడతాయి. రుమాలు ఎటు నుంచి మొదలుపెట్టాలన్నది కూడా ఆలోచించండి. టీచరు నుంచో, లీడరు నుంచో మొదలుపెడితే తర్వాతివాళ్లంతా ‘అక్క చెప్పిందే నాది’ అంటారు.

వాటా ముచ్చట: ఒక మాటకు మాట

పెద్దమ్మ అంటుంది: ‘పెండ్లినాడే కట్నమిచ్చినం, బంగారం పెట్టినం. ఇంకెక్కడి వాటా? తమ్ముండ్లు ఏం తిని బతకాలె?’

చిన్న వయసు టీచరు అందుకుంటుంది: ‘గీ మాటలు చెప్పే మనల్ని తొక్కిపెట్టిన్రు పెద్దమ్మా. కట్నమిచ్చుడే నేరం. నేరం చేసి మళ్ల గొప్పగ చెప్తున్నవ్.’

టీచరు చెప్పిన చట్టం నిజమే. 1961 వరకట్న నిషేధ చట్టంలో ఇవ్వడం, తీసుకోవడం రెండూ నేరాలే. కానీ ఆ చివరి మాటతో పెద్దమ్మ ముఖం మాడిపోయింది, ఆమె వయసువాళ్లు ముగ్గురు చేతులు కట్టుకున్నారు. నడిపే మనిషి ఇప్పుడు టీచరును మందలిస్తే చదువుకున్న పిల్లలు వచ్చే నెల రారు. ఊరుకుంటే పెద్దవాళ్లు రారు.

ముందు పెద్దమ్మ మాటను ఆమెకే తిరిగి చెప్పాలి, ఏమీ కలపకుండా: ‘కట్నంతోనే వాటా తీరిపోయిందంటున్నవ్, తమ్ముండ్లకు భూమి తప్ప వేరే ఆధారం లేదంటున్నవ్. గంతేనా పెద్దమ్మా?’ ఇట్ల అడిగితే మనిషి కుదుటపడుతుంది. చాలాసార్లు ఇంకో మాట కూడా కలుపుతుంది: ‘గది కాదు బిడ్డా, వాటా అడిగితే సచ్చినప్పుడు నన్ను సూడరారేమోనని.’ అసలు మాట ఇదీ. కట్నం లెక్క దానికి వేసిన ముసుగు. ఈ భయానికి చట్టం పుస్తకంలో జవాబు లేదు. ఆ గుండ్రంలోనే, వాటా తీసుకొని కూడా తల్లిగారింటితో పోకరాకలు నిలుపుకున్నామె దగ్గర ఉండొచ్చు.

తర్వాత టీచరు దిక్కు తిరగాలి: ‘చెల్లె, కట్నం గురించి చెప్పిన ముచ్చట మంచిది. పెద్దమ్మను పక్కకుపెట్టి, గదే మాట మళ్లొకసారి చెప్తవా?’ ఆమె రెండోసారి చెప్పినప్పుడు మాట నిదానంగా, ఇంకా బలంగా వస్తుంది. క్షమాపణ చెప్పమని ఒత్తిడి చెయ్యొద్దు. బలవంతపు క్షమాపణ వల్ల చెప్పినామెకు కోపం, విన్నామెకు సిగ్గు మిగులుతాయి.

ఆ తర్వాతే చట్టం కాగితం తియ్యాలి. దాన్ని ముందే రాసి పెట్టుకోండి, చదవడానికి మూడు నిమిషాలు మించొద్దు. వాటా విషయంలో అందులో ఉండాల్సినవి: హిందూ వారసత్వ చట్టానికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణతో 1985 సెప్టెంబర్ 5 నుంచి, అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కొడుకులతో సమానంగా వాటా వచ్చింది. దేశమంతా 2005 సెప్టెంబర్ 9 నుంచి, పెళ్లయినా కాకపోయినా వాటా ఉంది. ఆ తేదీనాటికి తండ్రి బతికి ఉండాలన్న షరతు లేదని, హక్కు పుట్టుకతోనే వస్తుందని 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2004 డిసెంబర్ 20కి ముందే రిజిస్టరైన పంపకాలను తిరగదోడలేరు. తండ్రి తన సొంత సంపాదనను వీలునామా రాసి ఎవరికైనా ఇచ్చుకోవచ్చు.

ఇక్కడ చాలామంది చేసే తప్పు ఒకటుంది. ‘చట్టం అందరికీ ఒక్కటే’ అనేస్తారు. హిందూ వారసత్వ చట్టం 2వ సెక్షన్ ప్రకారం, కేంద్రం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప, అది షెడ్యూల్డ్ తెగలకు వర్తించదు. ములుగు, ఏటూరునాగారం దిక్కు కోయ ఆడవాళ్లు, మహబూబాబాద్ తండాల లంబాడ ఆడవాళ్లు ఆ గుండ్రంలో ఉంటే ఆ కాగితం వాళ్లది కాదు. ముస్లిం ఆడవాళ్ల వాటా లెక్క వాళ్ల వ్యక్తిగత చట్టంలో ఉంటుంది. ఈ సంగతి చెప్పకుండా చర్చ నడిపితే వాళ్లు తమ ఇంటి మాట చెప్పే సందే దొరకదు. తండావాళ్లుంటే తమ లంబాడ భాష గోరుబోలిలో మాట్లాడనివ్వండి, పక్కనున్నామె తెలుగులో చెప్తుంది. రెండు నిమిషాలు నాలుగవుతాయి, కానివ్వండి.

కాగితం చదవడం అయిపోగానే గది నిశ్శబ్దమవుతుంది. చట్టం తెలిసినవాళ్లు గెలిచినట్టు, తెలియనివాళ్లు ఓడినట్టు అనిపిస్తుంది. అక్కడే ఆపెయ్యకుండా వెంటనే అడగాలి: ‘చట్టం గిట్లున్నది. ఇంట్ల ఎట్లున్నది? వాటా ఉన్నా అడగనోళ్లు, సంతకం పెట్టి ఇడిసిపెట్టినోళ్లు ఎందుకట్ల చేసిన్రో చెప్తరా?’

పండుగ ముచ్చట్లలో

భక్తి కలిసిన విషయాలకు ఇంకో నియమం కావాలి. సద్దుల బతుకమ్మ నాడు పసుపు కుంకుమ ఇచ్చుకునే దగ్గర, వాయినాలు పంచుకునే దగ్గర, భర్త చనిపోయినామె పక్కకు జరుగుతుంది. ఇది మార్చాలనే మాట తీస్తే తప్పకుండా మాట తేడా వస్తుంది. అప్పుడు ఆ సెగ ఎవరికి తగులుతుందో వాళ్లదే మొదటి మాట, వాళ్లు వద్దనుకుంటే తప్ప. తక్కినవాళ్లు ఆమె తరఫున కొట్లాడటం మొదలుపెడితే ఆమెను గది మధ్యలో నిలబెట్టినట్టవుతుంది. ‘నాకైతే బతుకమ్మ ఎత్తుకోవాల్ననే ఉన్నది, కుంకుమ మాట తర్వాత’ అని ఆమె అంటే చర్చ అక్కడి నుంచే నడవాలి, మనం అనుకున్నచోటి నుంచి కాదు. ముందు రోజే ఆమెను విడిగా కలిసి అడగాలి: ఈ ముచ్చట తియ్యాల్నా, వద్దా, తీస్తే నువ్వు మాట్లాడుతవా. ‘దేవుని ముచ్చట మీకెందుకు’ అనే మనిషిని వెనకబడినామె అని అనొద్దు. ఆమె దేన్ని కాపాడాలనుకుంటుందో అడగండి. ‘మా అత్తమ్మ చెప్పిన తీరు తప్పితే కీడు జరుగుతదని భయం’ అంటే, ఆ భయానికి ఆమెను ఎగతాళి చేసే హక్కు ఎవరికీ లేదు.

అత్తా కోడళ్లు ఒకే గదిలో

ఒకే ఇంటి నుంచి అత్త, కోడలు వస్తే కోడలు మాట్లాడదు. ఆడబిడ్డ కూడా ఉంటే ఆమె మాటను వదినె కాదనలేదు. వాళ్లను ఎదురెదురుగా కాకుండా ఒకే వైపు, మధ్యలో ఇద్దరిని వదిలి కూచోబెట్టండి. కళ్లు కలవకపోతే కొంత నోరు పెగులుతుంది.

అది చాలదనుకుంటే గింజలు వాడండి. తలా ఒక చింతగింజ, ఒక మక్క గింజ ఇచ్చి, కుండ మీద గుడ్డ కప్పి తిప్పండి. అవునంటే చింతగింజ, కాదంటే మక్క గింజ కుండలో పడుతుంది, రెండోది పిడికిట్లోనే ఉండి తర్వాత సంచిలోకి పోతుంది. చదువు రానివాళ్లకు ఇబ్బంది లేదు, చేతిరాత పట్టుబడే భయం లేదు. ఇది తీర్మానం కోసం వేసే ఓటు కాదని ముందే చెప్పాలి. పైకి అందరూ ‘మా ఊళ్ల కొట్టుడు లేదు’ అన్నచోట, ‘ఆ మాట నిజమేనా’ అని తిప్పిన కుండలోంచి ఆరు మక్క గింజలు వస్తే, అవి ఎవరివని అడిగే పని లేదు. ‘ఆరుగురికి వేరే మాట ఉన్నది’ అని మాత్రం చెప్పి ముందుకు పోవాలి. ఆ ఆరుగురికీ తాను ఒక్కదాన్నే కాదని తెలుస్తుంది. పదిమందికి తక్కువున్నచోట గింజలు వాడొద్దు, ఎవరివో ఊహించేస్తారు.

మగవాళ్లు వచ్చినప్పుడు

ఆడవాళ్లకేనా, అందరికా అన్నది పిలిచే రోజే తేల్చుకోవాలి, తలుపు దగ్గర కాదు. అందరికీ అయితే మగవాళ్లు నాలుగో వంతుకు మించకుండా చూసుకోండి, మొదటి చుట్టు వినడం, రెండో చుట్టులో మాట్లాడటం. ఈ సంగతి పిలిచేటప్పుడే చెప్తే చాలామంది ఒప్పుకుంటారు.

తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం 2018 ప్రకారం పంచాయతీ పదవుల్లో సగం ఆడవాళ్లకు. కానీ సర్పంచ్ అక్కను పిలిస్తే భర్త కూడా వచ్చి ముందు కుర్చీలో కూచునే ఊళ్లు ఇంకా ఉన్నాయి. ఆయనను లోపల, ఆమె ముందట లేపితే ఆ అవమానం ఇంటికి పోయినంక ఆమె మీద పడుతుంది. తలుపు దగ్గర మనిషి ముందే ఎదురుపోవాలి: ‘అన్నా, ఈ మీటింగు సర్పంచ్ అక్కది. మీకు బయట కుర్చీ ఏసినం, చాయ తాగుండ్రి, గంటన్నరల అయిపోతది.’

ఇంకో రకం మనిషి ఉంటాడు, అప్పుడప్పుడు ఆడమనిషి కూడా ఉంటుంది. ‘నేను ఊకెనే అడుగుతున్న’ అంటూ అడుగుతారు. జవాబు చెప్తే ‘మరి’ అని ఇంకోటి, దానికి చెప్తే మళ్ల మొదటిదే. మాటలో మర్యాద తప్పదు కాబట్టి తప్పు పట్టడానికి ఏమీ దొరకదు, కానీ అందరి గంటా ఆ ఒక్కరి చేతిలో కరిగిపోతుంది. దీనికి మందు ఒకటే: మనిషికి రెండు ప్రశ్నలు. మూడోది అడగాలంటే మొదటి జవాబులో తనకేం అర్థమైందో చెప్పాలి. నిజంగా తెలుసుకోవాలని వచ్చినవాళ్లు సంతోషంగా చెప్తారు. తక్కినవాళ్లు ఆగిపోతారు.

‘వరకట్న కేసులన్నీ అబద్ధాలే’ అనేది తప్పకుండా వచ్చే మాట. భర్త, అత్తింటివాళ్ల వేధింపు మీద పెట్టే పాత ఐపీసీ 498ఏ, 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షన్. ‘అన్నీ’ అన్నప్పుడు వాదించొద్దు. ‘మీకు దగ్గరగ తెలిసిన ఒక్కటి, పేర్లు లేకుండ చెప్పుండ్రి’ అని అడగండి. చెప్తే వినాలి, అది నిజమే కావచ్చు. ఆ తర్వాత అదే ప్రశ్న గుండ్రంలో తిప్పండి: కేసు పెట్టాల్సి ఉండి పెట్టనిది ఒకటి. పక్కపక్కన రెండూ విన్నవాళ్లు ‘అన్నీ’ అనే మాట తమంతట తామే తగ్గిస్తారు.

చర్చ ఆపేయాల్సిన ఘడియ

మాట్లాడుతూ మాట్లాడుతూ ఒకామె తన ఇంట్లో జరిగేది చెప్పేస్తుంది. రాత్రి మొగుడు కొట్టిన సంగతి, చేతి మీద కమిలిన మరక. ఆ క్షణం నుంచి అది చర్చ కాదు. ఎవరైనా ‘నువ్వేమన్నవ్’ అనో, ‘సర్దుకోవాలె’ అనో, చివరికి ‘కేసు పెట్టు’ అనో అనేలోపే నడిపే మనిషి చెయ్యెత్తాలి: ‘అక్క ముచ్చట మీద మనం ఎవ్వరం అభిప్రాయం చెప్పం.’ చాయకు లేపండి. తలుపు దగ్గర మనిషి ఆమెను పక్కకు తీసుకపోయి రెండే ప్రశ్నలు అడగాలి: ఈ రాత్రి ఇంటికి పోవుడు భయమా, పిల్లలు ఎక్కడున్నరు. 181 మహిళా హెల్ప్‌లైన్ రోజంతా పలుకుతుంది, ప్రాణం మీదికొస్తే 112. జిల్లాలో హింసకు గురైన ఆడవాళ్లకు సాయం చేసే సఖి కేంద్రం ఉంటుంది, దాని నంబరు ముందే కనుక్కొని చట్టం కాగితం వెనక రాసి పెట్టుకోండి. గృహహింస చట్టం 2006 అక్టోబర్ 26 నుంచి అమల్లో ఉంది. ఇల్లు ఆమె పేరు మీద లేకపోయినా కాపురం చేస్తున్న ఇంట్లో ఉండే హక్కు ఆమెకుందని చెప్పండి, ఇది తెలియకనే చాలామంది నోరు మూసుకుంటారు. కాగితం చేతికి ఇవ్వొద్దు, ఇంట్లో దొరికితే ప్రమాదం. నంబరు నోటికి చెప్పి రెండుసార్లు అనిపించాలి. ఏం చెయ్యాలన్నది ఆమె తేల్చుకోవాలి.

బయటికి పంపాల్సి వస్తే

కులం పేరు పెట్టి తిట్టడం, ‘బయటికి రా, నీ సంగతి చూస్త’ అనడం, దొంగతనంగా వీడియో తియ్యడం, ఒకరి నడత మీద మాట వేయడం: వీటిని మాట తేడా కింద లెక్కగట్టొద్దు, హెచ్చరికలు ఇస్తూ కూచోవద్దు. మనిషి ఆ పూటకు వెళ్లిపోవాలి. కులం తిట్టు తిన్నామె 1989 ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ చట్టం కింద ఫిర్యాదు ఇస్తానంటే, ‘మనలో మనం’ అని ఆమెను ఆపే హక్కు కూడికకు లేదు.

తక్కిన తప్పులకు మెట్లు ఉంటాయి. మొదటిసారి అందరి ముందట, పేరు పెట్టకుండా నియమం గుర్తుచెయ్యాలి. రెండోసారి పక్కన కూచొని మెల్లగా చెప్పాలి. మూడోసారి ‘ఇయ్యాల్టికి మీ మాట వంతు అయిపోయింది, వినొచ్చు’ అనాలి. అప్పటికీ ఆగకపోతే ముగ్గురూ కలిసి తేల్చాలి: ఒక నెల, లేదా మూడు నెలలు. శాశ్వతంగా అన్న మాట తొందరపడి అనకండి. పంపినట్టు, ఏ నియమం తెగిందో, ఎన్నాళ్లకో, మినిట్స్ బుక్కులో రాయాలి. రాయకపోతే ‘మా మాట నచ్చక ఎళ్లగొట్టిన్రు’ అన్నదే ఊళ్లో నిలుస్తుంది, దాన్ని కాదనడానికి మీ దగ్గర ఏమీ ఉండదు.

తప్పు ఎవరు చేసినా, మనకు నచ్చని అభిప్రాయమున్న మనిషికీ మనవైపు మనిషికీ ఒకే మెట్లు ఉండాలి. మన పక్షాన మాట్లాడుతూ ఎదుటామెను కించపరిచిన మనిషిని చూసీ చూడనట్టు వదిలేయడం నడిపేవాళ్లలో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే లోపం. గుండ్రంలో ఉన్నవాళ్లు దాన్ని వెంటనే కనిపెడతారు. ఎవరూ పైకి అనరు, కానీ ఆ రోజు నుంచి మీ నియమం ఎవరూ పట్టించుకోరు. నడిపే మనిషికి సొంత అభిప్రాయం ఉండొచ్చు. అది చెప్పాలనిపిస్తే ఆ నెల నడిపే పని ఇంకొకరికిచ్చి గుండ్రంలో కూచొని రెండు నిమిషాలు చెప్పండి. రెండు పనులూ ఒకే నోటితో కావు.

చివరి పది నిమిషాలు, ఆ తర్వాతి రెండు రోజులు

కొత్త మాట తియ్యకుండా పది నిమిషాల ముందే ఆపండి. రాసే మనిషి ఆ రోజు వచ్చిన మాటలను పేర్లు లేకుండా చదవాలి: ‘వాటా అడగాలన్న మాట వచ్చింది. అడిగితే బంధం పోతదన్న మాట వచ్చింది. తెగలకు ఈ చట్టం వర్తించదన్న సంగతి తెలిసింది. కట్నం వాటా కిందికి వస్తదా అన్నదాని మీద ఒప్పుకోలు కాలేదు.’ కానిదాన్ని కాలేదనే రాయాలి. అందరూ ఒప్పుకున్నట్టు రాసి సంతకాలు, వేలిముద్రలు తీసుకుంటే ఓడినవాళ్లు ఆ పుస్తకాన్ని మళ్లీ నమ్మరు. తన మాట తప్పుగా రాశారని ఎవరైనా అంటే అక్కడే దిద్దండి.

ముఖం ముడుచుకొని పోయినామె ఇంటికి రెండు రోజుల్లోపు పోవాలి. ఫోను చాలదు. వారం ఆగితే ఆమె ఆ మాటను పదిమందికి చెప్పేసి ఉంటుంది, ఇక వెనక్కి తీసుకోవడం ఆమెకే కష్టమవుతుంది. పోయి నచ్చజెప్పొద్దు. ‘ఆ రోజు నీ మాట నేను సరిగ ఇన్నట్టు లేదు, మళ్ల చెప్పు పెద్దమ్మా’ అని కూచోవాలి. అప్పుడు నడిపింది నిజంగా తప్పయితే, వంతు ఇవ్వకపోవడమో, నవ్వినవాళ్లను ఆపకపోవడమో జరిగి ఉంటే, ఇంట్లో ఒప్పుకున్నది చాలదు. వచ్చే నెల అందరి ముందట, నియమాలు చెప్పిన వెంటనే, రెండు ముక్కల్లో చెప్పండి: ‘పోయిన నెల పెద్దమ్మ మాట మధ్యల తెగింది. ఆపాల్సింది నేను, ఆపలే.’ చెప్పి రుమాలు ముందు ఆమె చేతికి ఇవ్వండి.